కణేకల్లు ఇసుకలో కరెంటు, బోరు లేకుండా ఏడాది బతకాలంటే ఏం పండించాలి, ఎట్లా వండుకోవాలి?

హగరి_గట్టు (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది అనంతపురం జిల్లా కణేకల్లు మండలం. పన్నెండేండ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. చేస్తుంటి అనాలేమో, జనవరిలో ఆ ఉద్యోగం పోయింది. మా ఆవిడ ఉద్యోగం ఉంది కాబట్టి ఇంటద్దెకు ఇబ్బంది లేదు. ఈ ఖాళీలో మా అవ్వ పేరు మీదుండిన రెండున్నర ఎకరాలో ఒక ఏడాది ఉండి చూద్దామని నా పిచ్చి.

కణేకల్లు అనగానే హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద వరి మళ్లు అనుకునేరు. ఆ భాగ్యం కాలువకు అటు పక్కోళ్లది. మాది ఇటు, హగరిని ఆనుకుని ఇసుక మేట వేసిన చేను. వేదవతినే మా తావున హగరి అంటారు. ఏట్లో నీళ్లు ఎప్పుడో వస్తాయి, ఇసుక మాత్రం ఏటా ఆషాఢం గాలికి లేచి చేలలోకి వస్తుంది. పక్కన బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు ఆ దిబ్బలు చూస్తే రాజస్థాన్ అనే అనుకుంటారు.

కరెంటు స్తంభాలు కిలోమీటరున్నర దూరంలో ఆగిపోయాయి. పక్క చేనాయన రెండు బోర్లు వేసి రెండూ పోగొట్టుకున్నాడు, మూడోదాంట్లో వచ్చేవి చవుడు నీళ్లు. నాకున్నవి ఒక రేకుల కొట్టం, ఒక సోలార్ ప్లేటు (లైటుకూ ఫోనుకూ సరిపోతుంది, ఫ్రిజ్ మాట ఎత్తొద్దు), ఒక పెట్టె సోలార్ కుక్కర్.

ఏప్రిల్‌లో పదకొండు రోజులు ఉండి చూశా. సిగ్గు లేకుండా చెబుతున్నా, పరువు పోయింది. ఇక్కడ టెర్రస్ మీద నాలుగేండ్లు టమోటా, క్యాప్సికం పండించిన అనుభవం ఉంది కదా అని గ్రో బ్యాగులు, కొబ్బరి పొట్టు, నలభై టమోటా నార్లు కార్లో వేసుకుపోయా. ఇసుక మీద జానెడు ఎత్తు మడులు కట్టా. మూడో రోజు మధ్యాహ్నం గ్రో బ్యాగు మీద చెయ్యి పెడితే కాలింది. నార్లు నిలబడే ఎండిపోయాయి, వాలే ఓపిక కూడా లేకుండా. ఎత్తు మడి అంచులు గాలికి జారి ఆరో రోజుకు నేల చదునైంది.

వంట సంగతి ఇంకా ఘోరం. పక్కాయన బోరు నీళ్లలో కందిబ్యాళ్లు వేస్తే కుక్కర్ పద్నాలుగు విజిల్స్ వేసినా బద్దలు బద్దలుగానే ఉన్నాయి. సోలార్ కుక్కర్‌లో అన్నం గంజి అయింది. పొద్దున ఊర్లో తెచ్చుకున్న పెరుగు పదకొండుకల్లా నురగ. చివరి నాలుగు రోజులు బొరుగులు, శెనక్కాయలు, అరటిపండ్లతో గడిపేశా.

మళ్లీ జూన్‌లో పోవాలని ఉంది. నీళ్లు ఎంత కావాలి, ఏం విత్తుకోవాలి, గ్యాస్ లేకుండా వంట ఎట్లా? ఎవరైనా నిజంగా ఇట్లాంటి చోట బతికినోళ్లు చెప్పండి. వీడియోలు చూసి చెప్పేవాళ్లకు దండం, అవన్నీ నేనూ చూశా.

వైట్‌ఫీల్డ్_వాసు

బ్రదర్, 2024 మార్చిలో మా అపార్ట్‌మెంట్లో మేము చేసింది ఇదే. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ కోసం రాత్రి రెండింటికి లేచి కూర్చున్నాం, కాగితం ప్లేట్లలో తిన్నాం. పైగా నెలకు మెయింటెనెన్స్ కూడా కట్టాం. ఎడారి కోసం కణేకల్లు దాకా పెట్రోలు దండగ.

మాజీ_హవల్దార్ (కె.ఆర్.పురం)

వాసూ, నవ్వించావు. కానీ ఆ అబ్బి నిజంగా అడిగాడు, నిజంగా చెబుదాం.

అబ్బీ, మాది జమ్మలమడుగు. పట్టాళంలో నాలుగేండ్లు జైసల్మేర్ వైపు ఉన్నా. డ్యూటీ లేనప్పుడు ఊళ్లలోకి పోయి ఆ జనం ఎట్లా తింటున్నారో చూడడం నాకొక జబ్బు. మనకు అనంతపురం అంటే కరువు. వాళ్ల దగ్గర వాన 200 మిల్లీమీటర్ల లోపే. నీకు సగటున 550 దాకా పడుతుంది. వాళ్లు నీ చేను చూస్తే కాశ్మీరం అంటారు.

ముందు నీళ్ల లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇదొక్కటి గుర్తుపెట్టుకో. నీ రేకుల కొట్టం 20 అడుగులకు 15 అనుకుంటే 28 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల వానకు 15,400 లీటర్లు. కారిందీ చిమ్మిందీ పోగా 12 వేలు. మంచి కరువొచ్చి సగమే పడిందనుకో, 6 వేలు. నీ తాగుడుకూ వంటకూ రోజుకు 10 లీటర్లు వేసుకున్నా ఏడాదికి 3,650. అంటే కరువులో కూడా నీ నోటికి సరిపడా నీళ్లు నీ రేకుల మీదే పడుతున్నాయి, నువ్వు నేల మీదికి వదిలేస్తున్నావు.

వాళ్లు వాటిని టాంకాలో పట్టుకుంటారు. భూమిలో గుండ్రటి తొట్టి, లోపల సున్నం గచ్చు, పైన మూత. చుట్టూ నేలను దిమ్మిస చేసి తొట్టివైపు వాలుగా పెడతారు, దాన్ని ఆగోర్ అంటారు. వానకు ముందు ఆ నేలను ఊడుస్తారు, మేకను కూడా తొక్కనివ్వరు. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతు తవ్వితే 22 వేల లీటర్లు పడతాయి. నీది ఇసుక నేల, కాబట్టి సిమెంటు రింగులు దించి గచ్చు చెయ్యి, లేకపోతే గోడ కూలుతుంది. మొదటి వాన నీళ్లు వదిలెయ్, రేకుల మీది దుమ్మూ పిట్టల రెట్టా అందులోనే పోతాయి. మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. కాచినా అది పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాన నీళ్లకు ఆ బాధ లేదు. నీ బ్యాళ్లు ఉడకనిది కూడా ఆ నీళ్ల వల్లే. సున్నం ఎక్కువున్న నీళ్లలో పప్పు ఉడకదు. వాన నీళ్లు పోసి చూడు, నాలుగో విజిల్‌కు మెత్తబడకపోతే నన్నడుగు.

ఇక టమోటా మాట మరచిపో. టెర్రస్ మీద నేర్చుకున్నదాన్ని తలకిందులు చేస్తే ఎడారి సేద్యం. అక్కడ మడి ఎత్తు చేశావు, ఇక్కడ పల్లం చెయ్యాలి. మోకాటి లోతు గుంత తీసి, అడుగున చెరువు మట్టీ పెంటా కలిపి, నేల మట్టానికి జానెడు కింద ఉంచు. గాలి పైనుంచి పోతుంది, పడిన చుక్క లోపలికి పోతుంది. ప్రతి గుంత నడుమ ఒక మట్టికుండ మెడదాకా పూడ్చు. 6 లీటర్లది చాలు. గ్లేజు, రంగు వేసినవి పనికిరావు, వేలితో తడి తగిలే ఎర్ర కుండే కావాలి. కుండ చెమర్చే కొద్దీ వేళ్లు తాగుతాయి. నాలుగు రోజులకోసారి నింపితే చాలు. ఇరవై కుండలంటే రోజుకు 30 లీటర్లు పడింది. కుండకు నాలుగు మొక్కలు: గోరుచిక్కుడు, బెండ, వంగ, సొర. బెంగళూరులో కుండలు కావాలంటే పాటరీ టౌన్‌కు పో, ఫ్రేజర్ టౌన్ పక్కనే. కుమ్మరి చేత మందంగా చేయించుకోకు, మందమైతే చెమర్చదు.

చేను సంగతి. ఎండాకాలం దున్నొద్దు. మోళ్లు పీకొద్దు. దున్నిన ఇసుక నీది కాదు, గాలిది. పడమర, నైరుతి వైపు సర్కారు తుమ్మ కంపతో వరసలు వరసలుగా దడి పెట్టు. జోధ్‌పూర్‌లో 1952లో ఎడారిలో చెట్లు పెంచడానికి ఒక కేంద్రం పెట్టారు, అదే 1959లో కజ్రీ, అంటే కేంద్ర మెట్ట మండల పరిశోధన సంస్థ, అయింది. వాళ్లు దిబ్బల్ని ఆపింది మొదట ఈ ఎండు కంపతోనే. కంప వెనకాల ఇసుక ఆగుతుంది, ఆ మరుగున గడ్డి లేస్తుంది, తర్వాత చెట్టు. తొలకరికి సద్దలు, నడుమ అలసంద, గోరుచిక్కుడు చల్లు. ఆలస్యంగా పడిన వానకు ఉలవలు. శెనక్కాయ మాత్రం నమ్ముకోవద్దు, ఊడ (కాయ పట్టే కాడ) నేలలోకి దిగే రోజుల్లో వాన మొహం చాటేస్తే మనవాళ్లు ఎంతమంది మునిగారో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకొక్క మాట. అక్కడ ఖేజడీ అనే చెట్టుంది. ఎకరాకు నాలుగైదు ఉంటాయి, కింద సద్దలు ఇంకా బాగా వస్తాయి. దాని లేత కాయల్ని సాంగ్రీ అంటారు. ఉడకబెట్టి ఎండబెట్టి ఏళ్లు నిల్వ చేస్తారు. ఆ చెట్టును నరకనివ్వబోమని 1730లో ఖేజడలీ ఊర్లో బిష్ణోయిలు 363 మంది ప్రాణాలిచ్చారు. నేను మొదటిసారి దాన్ని చూసి, చెట్టు చుట్టూ తిరిగి, ఆకు తుంచి చూసి, "ఒరేయ్, ఇది మన జమ్మి!" అని అరిచా. పక్కనున్న హర్యానావాడు నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు. అవును అబ్బీ, దసరాకు ఆకు తెచ్చి బంగారమని పెద్దల చేతుల్లో పెడతామే, ఆ జమ్మే. మనం ఆకు పంచుకుంటాం, వాళ్లు కాయ వండుకుంటారు. నీ చేన్లో ఉందేమో చూడు.

ఉరవకొండ_పెద్దమ్మ (విజయనగర్)

హవల్దార్ అన్నగారు నీళ్లు, చేను బాగా చెప్పారు. పొయ్యి దగ్గరికి మాత్రం రాలేదు, మగవాళ్లు కదా.

బాబూ, నువ్వు ఎడారికి పోయి బెంగళూరు తిండి వండబోయావు. అందుకే బొరుగులు తిన్నావు. అక్కడ తిండి రెండు రకాలు పెట్టుకో: ఎండ వండేది, ఎండ ఎండబెట్టేది. పొయ్యి రోజుకు ఒకసారి, అరగంట.

నీ పెట్టె కుక్కర్‌ను తిట్టొద్దు, నా దగ్గర పదిహేనేండ్లుగా ఉంది. దానికి తొందర లేదు, అంతే. రాత్రి నానబెట్టిన బ్యాళ్లు, ఉలవలు నల్ల రంగు వేసిన పల్చటి గిన్నెలో పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టు, అద్దాన్ని ఎండకు తిప్పు, గంటకోసారి చూసి మళ్లీ తిప్పు. మాటిమాటికీ మూత తీశావో, పొద్దంతా పట్టిన వేడి పోతుంది. అన్నానికి ఇంట్లో పోసే నీళ్లకన్నా తక్కువ పోసుకో, అందులో ఆవిరి బయటికి పోదు. నీ గంజి రహస్యం అదే. సంగటి అందులో కాదు, సంగటికి తెడ్డూ నిప్పూ కావాలి. పోపు కూడా ఎండలో వేగదు. ఆ అరగంట పొయ్యి పోపుకూ రొట్టెకూ. కట్టెలకు దండిగా సర్కారు తుమ్మ ఉంది కదా, నీ చేను నిండా అదే ఉంటుంది.

మబ్బు రోజు వస్తే మా అమ్మ పద్ధతి. గిన్నె పొయ్యి మీద బాగా ఉడుకు పట్టించి, దించి, వరిగడ్డి నింపిన గంపలో పెట్టి పైన పాత బొంత కప్పేది. మధ్యాహ్నానికి ఉలవలు వేలితో నలిగేవి. కట్టె పావు వంతు.

సద్దలు పండితే పిండి మొత్తం పట్టించి పెట్టుకోకు. వారం దాటితే చేదెక్కుతుంది, ఎండాకాలం ఇంకా ముందే. గింజ పెట్టుకుని రెండు రోజులకు సరిపడా విసురుకో. మీ అవ్వ విసుర్రాయి ఎక్కడో పడి ఉంటుంది, వెతుకు. రొట్టెకు పిండి వేడి నీళ్లతో కలపాలి, లేకపోతే అంచులు పగుల్తాయి. రాగిపిండైతే నిల్వ ఉంటుంది, సంచి తీసుకుపో. మిగిలిన సద్దపిండి రాత్రి మజ్జిగలో కలిపి పెట్టి పొద్దున కాచుకుంటే అంబలి. రాజస్థాన్‌వాళ్లు దాన్నే రాబ్ అంటారని మా పక్కింటి మార్వాడీ ఆమె చెప్పింది. ఆమె పెట్టింది తాగి చూశా, మన అంబలే, జీలకర్ర ఎక్కువ.

పెరుగు నురగ వచ్చిందంటున్నావు. ఒక పెద్ద కుండలో ఇసుక పోసి, నడుమ చిన్న కుండ దించి, ఇసుక తడిపి, పైన తడి గుడ్డ వెయ్యి. పొడి గాలి తగిలే నీడలో పెట్టు. ఏప్రిల్‌లో బాగా పనిచేస్తుంది. వానాకాలం గాలిలో తేమ ఉంటే చెయ్యదు, అప్పుడు మజ్జిగ చేసి ఉప్పేసి తాగెయ్.

ఇక ఎండబెట్టేవి. గోరుచిక్కుడు ఉడికించి ఉప్పేసి ఎండబెడితే ఒరుగులు. వంకాయ, సొరకాయ కూడా. మజ్జిగ మిరపకాయలు, చింతపండు, ఎండు కరివేపాకు. ఇసుక గాలి లేని రోజు చూసి పల్చటి చీర కప్పి ఎండబెట్టు, లేకపోతే నమిలినప్పుడు హగరి పళ్ల కింద కరకరలాడుతుంది. కూరగాయలు దండిగా వచ్చేది రెండు నెలలే, తక్కిన పది నెలలు ఆ ఒరుగులే నీకు కూర.

ఇంకోటి, ఇది ఇప్పుడెవరూ చేయరు. మీ పక్క రేగడి చేలలో అక్టోబరులో పప్పుశనగ వేస్తారు కదా, వాన లేకుండా నేలలో మిగిలిన తేమతోనే పండుతుంది. చలికాలం రాత్రి ఆ మొక్కల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, తెల్లవారకముందే పిండితే మంచుతో పాటు ఆకు పులుసు దిగుతుంది. మా అమ్మ సీసాలో పెట్టుకుని చింతపండు లేనప్పుడు చారులో వేసేది. ఆ గుడ్డ మాత్రం కొన్నాళ్లకు చిల్లులు పడిపోతుంది, అంత పులుపు.

మాజీ_హవల్దార్

పెద్దమ్మ గారూ, తప్పు ఒప్పుకుంటున్నా. పట్టాళంలో పొయ్యి దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. శనగ చేను సంగతి భలే గుర్తు చేశారు. జైసల్మేర్‌లో పాలీవాల్ బ్రాహ్మణులు 15వ శతాబ్దం నుంచే ఇట్లాగే చేశారు. పల్లంలో మట్టికట్ట వేసి వాన నీళ్లు నిలవేసి, ఇంకిపోయాక ఆ తేమలోనే గోధుమ, శనగ. ఖడీన్ అంటారు. కట్ట వెనకాల నీళ్లు ఆరాక విత్తిన చేలు నేను చూశా, ఒక్క తడి కూడా పెట్టరు.

హగరి_గట్టు

ఇన్ని రోజులు జవాబు ఇవ్వనందుకు మన్నించండి, మీరిద్దరూ రాసింది ప్రింటు తీసుకుని ఊరికి పోయొచ్చా.

కొట్టం కొలిచా. 18కి 14 అడుగులు. హవల్దార్ అన్న లెక్కన మంచి ఏడు 10 వేల లీటర్ల పైన, చెడ్డ ఏడు 5 వేలు. నోటికి సరే, కుండలకు చాలదు. ఇరవై కాకుండా పన్నెండు కుండలతో మొదలుపెడతా, టాంకా చుట్టూ నేల కూడా వాలు చేయిస్తా. పక్కూరి మేస్త్రీ రింగులు దించుతానన్నాడు. "దీంట్లో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయప్పా?" అని మూడుసార్లు అడిగాడు. పైకి చూపించా. బోరు వేయించుకోలేని పేదోడినని జాలిపడి కూలీ కొంచెం తగ్గించాడు.

ఒక బిందె వాన నీళ్లు ఊర్లో మేనత్త డాబా మీద పట్టా, మే నెల వానవి. బ్యాళ్లు మూడో విజిల్‌కే ఉడికాయి అన్నా. మా అత్త వెంటనే, "మీ అవ్వ చెప్పేది కదరా, బ్యాళ్లకు వాన నీళ్లే అని" అంది. ఏప్రిల్‌లో ఆమెను అడిగి ఉంటే పద్నాలుగు విజిల్స్ మిగిలేవి.

విసుర్రాయి దొరికింది. పైరాయి మీద తులసికోట కట్టేశారు. తీయొద్దని అత్త ఒట్టు పెట్టింది. కింద రాయి మాత్రం ఇచ్చింది. ఒక్క రాయితో ఏం విసరాలో పెద్దమ్మే చెప్పాలి.

జమ్మి కూడా ఉంది. చేను గట్టున ఉన్నదాన్ని ఇన్నాళ్లూ తుమ్మ అనుకున్నా. తుమ్మే కాదని ఎట్లా తేలుతుంది అన్నా? కాయలు ఉన్నాయి కానీ ముదిరిపోయినట్టున్నాయి.

మాజీ_హవల్దార్

జాగ్రత్త. సర్కారు తుమ్మ ముల్లు పొడుగ్గా, కణుపు దగ్గర జంటగా ఉంటుంది, గుచ్చుకుంటే రెండు రోజులు నడవలేవు. కాయ లావుగా, పసుప్పచ్చగా, నడుమ నడుమ నొక్కినట్టు. జమ్మి ముల్లు పొట్టిది, శంఖం మొన లాగా, కణుపు దగ్గర కాకుండా కొమ్మ పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి. కాయ సన్నగా, గుండ్రంగా, తాడులాగా వేలాడుతుంది. అయినా నా మాట మీద వండుకోవద్దు, దసరాకు మీ ఊరివాళ్లు ఆకు తెంపేది ఏ చెట్టుకో అడుగు. ముదిరినవి పిల్లలు తీపికి నములుతారు, కూరకు రావు. వచ్చే ఏడు ఏప్రిల్‌లో లేతవి కోసుకో.

ఉరవకొండ_పెద్దమ్మ

తులసమ్మను కదపొద్దు నాయనా. అవెన్యూ రోడ్డు సందుల్లో రాతి సామాన్లు అమ్మే ముసలాయన ఉండేవాడు, ఇప్పుడున్నాడో లేడో. ఈ ఆదివారం మా కోడలు స్కూటరు మీద అటే పోతుంది, చూసి రమ్మంటా. పైరాయి ఒక్కటే అడిగితే ఇవ్వడేమో, నీ కింద రాయి అడ్డకొలత ఎన్ని అంగుళాలో రాయి. నడుమ ఇనప మేకు ఉందో ఊడిపోయిందో కూడా చూడు.

హగరి_గట్టు

పదిహేను అంగుళాలు పెద్దమ్మా. మేకు లేదు, చిల్లు మాత్రం ఉంది. నేనూ ఆదివారమే పాటరీ టౌన్‌కు పోతున్నా, కుండలకు.

మాజీ_హవల్దార్

కుండలతో పాటు పన్నెండు మూకుళ్లు కూడా తెచ్చుకో, మూతలకు. మూత లేకపోతే మొదటి రాత్రే తేలు దిగుతుంది, చెయ్యి పెట్టేది నువ్వు.